ఎత్తేశారంట

మూడు రోజులుగా ముసురు. దండెం మీద గుడ్డలు ఆరక, ఇల్లంతా తడి కంపు కొట్టి, ఎవరి మీద అరుద్దామా అని నేను చూస్తున్న వేళ ధవళేశ్వరం నుంచి అన్నయ్య ఫోన్ చేశాడు. తన చిన్ననాటి స్నేహితుడు రత్నం వస్తాడంట, నేను కూడా రాజమండ్రి నుంచి వస్తే బాగుంటుందేమో అన్నాడు. మా అన్నయ్య మాట్లాడే తీరే అంత. ఆయన నోట్లోంచి ఒక వాక్యం బయటికి వచ్చిందంటే దాని చివర ఒక 'అంట' గానీ, ఒక 'ఏమో' గానీ ఉండి తీరుతుంది. లెక్కల మాస్టారుగా రిటైరైన మనిషి. రెండూ రెండూ నాలుగని చెప్పడానికి కూడా 'నాలుగే అవ్వాలి మరి' అనేవాడని ఆయన శిష్యులు ఇప్పటికీ నవ్వుకుంటారు. వదిన మోకాలికి ఆపరేషన్ చెయ్యమంటారా వద్దంటారా అని డాక్టరు అడిగితే, తమరెలా అంటే అలాగేనండి అని ఊరుకున్నాడు. దీన్ని వినయం అనుకునేవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉన్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది, ఎందుకంటే ఆయన పుట్టుకతో అలాంటివాడు కాడు. కాకినాడలో డిగ్రీ చదివే రోజుల్లో ఆయన ఒక మాట అంటే వీధి చివరికి వినపడేది. ఒక క్యాసెట్టు ఆయన నోరు మూయించింది. ఆ క్యాసెట్టులో పాటే పట్టుకుని రత్నం వస్తున్నాడని తెలిశాక, నాకు కూర్చోబుద్ధి కాలేదు. ఆరని చీరే కట్టుకుని ఆటో ఎక్కాను.

అప్పట్లో మేముండేది ధవళేశ్వరంలోనే, గట్టు పక్కన, ఆఫీసువాళ్ళు ఇచ్చిన రెండు గదుల పెంకుటిల్లు. నాన్నగారు కాలవల ఆఫీసులో గేజీ చూసే ఉద్యోగి. ఆనకట్ట దగ్గర నీటిమట్టం ఎంతుందో చూసి గంటగంటకీ పైవాళ్ళకి చెప్పడం ఆయన పని. వానాకాలం వచ్చిందంటే మా ఇంటి పద్ధతులన్నీ మారిపోయేవి. ఆయన డ్యూటీ నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టేదాకా గోదారి సంగతి ఎవరూ అడక్కూడదు. తాగాక ఆయనే ఒక మాట అనేవారు. ఎక్కుతోంది, నిలకడగా ఉంది, లాగుతోంది, వీటిలో ఏదో ఒకటి. అంతకు మించి పెదవి విప్పేవారు కాదు. ఆ మాట మా గుమ్మం దాటిన క్షణంలో వీధంతా పాకేది. లాగుతోంది అంటే అమ్మ కుంపటి రాజేసి, దాని మీద బుట్ట బోర్లించి తడిగుడ్డలు ఆరబెట్టి, పక్కన ఎండునెత్తళ్ళు వేయించేది. మా లంగాలకీ జాకెట్లకీ ఆ నెత్తళ్ళ వాసన బడికి కూడా వచ్చేది. ఎక్కుతోంది అంటే కుంపటి ఆరిపోయేది. ఉప్పు, చింతపండు, అగ్గిపెట్టె, కాసిని బియ్యం తలగడ గలేబులో పడేవి. ఆ మూట గుమ్మం పక్కన కూర్చుని ఉండగా మేము కూడా గట్టిగా మాట్లాడుకునేవాళ్ళం కాదు.

నాయనమ్మది గోదారి నడుమ లంకలో పుట్టిన ప్రాణం. చెవి మందం, అయినా గోదారి విషయంలో ఎవర్నీ నమ్మేది కాదు. నీళ్ళ చప్పుడు చెవికి కాదే, అరికాలికి తెలుస్తుంది అనేది. పెరటి వసారాలో గోడకి చేరగిలబడి, అరికాళ్ళు రెండూ గచ్చుకి ఆనించి కూర్చుని మధ్యాహ్నం కునుకు తీసేది. గట్టుకి అవతల, గోదారి వైపున, పల్లపు వీధి అని ఒకటుండేది. తాటాకిళ్ళు, చిన్న చర్చి, రేవులో పడవలు. ఆ వీధి చిట్టెమ్మ వేరుశనక్కాయలు ఉడకబెట్టి లాకుల దగ్గర అమ్మేది. అమ్మకం అయ్యాక మా పెరట్లోకొచ్చి నాయనమ్మతో కబుర్లేసుకుని కూర్చునేది. వాళ్ళిద్దరికీ ఎంత స్నేహమంటే, ఒకరి మీద ఒకరు చాడీలు కూడా ఎదురుగానే చెప్పుకునేవాళ్ళు. అంత స్నేహంలోనూ చిట్టెమ్మ మజ్జిగ తాగే గ్లాసు మాత్రం అరుగు మీద గూట్లో వేరేగా ఉండేది. ఆ గ్లాసు తలుచుకుంటే మా ఇంటి మంచితనం గురించి ఎక్కువ రాయబుద్ధి కాదు.

చిట్టెమ్మ కొడుకే రత్నం. చర్చిలో డోలక్ వాయించేవాడు, అన్నయ్యకి ప్రాణస్నేహితుడు. ఆ ఏడు అన్నయ్య సెలవులకి వస్తూ ఒక క్యాసెట్టు తెచ్చాడు. హాస్టల్లో ఎవడిదో మేనమామ ఓడలో పనిచేసేవాడట, అతని దగ్గర్నుంచి చేతులు మారి వచ్చిన కాపీ. పైన పేరు లేదు, ఊరు లేదు. పెట్టగానే ముందు ఒక గిటారు చిన్నగా, పద్ధతిగా, వాన చుక్కలు రాలినట్టు మొదలయ్యేది. ఆహా అనుకునేలోపు ఇల్లు కూలినట్టు ఒక్కసారి అన్నీ మీద పడేవి. పాడేవాడు పాడుతున్నాడో, ఎవర్నైనా తిడుతున్నాడో తెలిసేది కాదు. అమ్మ అది విని, పాపం కడుపునొప్పేమోరా అంది. దాన్ని థ్రాష్ మెటల్ అంటారని, అందులోనూ లెక్కలు కట్టి వాయించే ఒక శాఖ ఉందని నాకు మొన్న మొన్నటిదాకా తెలియదు. రత్నానికి అప్పుడు ఆ పేరు తెలియకపోయినా ఆ లెక్క దొరికిపోయింది. తొడ మీద చెయ్యి వేసుకుని, ఇది ఏడురా, తకిట తకధిమి, ఇదిగో ఇక్కడ ఐదుకి తిప్పాడు, మళ్ళీ ఏడుకి పోయాడు అని చెప్పేవాడు. అన్నయ్య కాగితం లేకుండా వేళ్ళ మీద కూడేవాడు. వాళ్ళిద్దరూ ఆ రొదలో కూర్చుని ఎక్కాలు వల్లించుకునేవాళ్ళలా ఉండేవాళ్ళు.

టేప్ రికార్డర్ చిన్నది, గొంతు కీచుగా ఉండేది. అందుకని అన్నయ్య దాని స్పీకరు విప్పి, మట్టికుండ మూతికి బిగించాడు. ఆ రోజుల్లో కుర్రాళ్ళందరూ చేసే పనే అది. కుండలోంచి వస్తే శబ్దం బరువుగా, కడుపులో తగిలేలా వస్తుంది. ఆ క్యాసెట్టులో ఒక పాట మధ్య వాద్యాలన్నీ ఆగిపోయి ఒక్క గిటారే మిగులుతుంది. అది అలా తిరిగి తిరిగి, ఇక అయిపోయిందేమో అనుకునే వేళ డ్రమ్ములవాడు రెండింతల వేగంతో విరుచుకుపడతాడు. చర్చి భజనలో పాట వేగం పెంచడాన్ని రత్నంవాళ్ళు ఎత్తడం అనేవాళ్ళు. అందుకే ఆ చోటు రాగానే ఇద్దరూ కలిసి, ఎత్తేశాడు, అని కేకపెట్టేవాళ్ళు. ఇందులో తప్పేమీ లేదు, వేరే ఊళ్ళో అయితే. మా ఊళ్ళో వరద రోజుల్లో ఆ మాటకి ఒక్కటే అర్థం. ఆనకట్ట గేట్లు ఎత్తేశారు, నీళ్ళు వస్తున్నాయి, లేవండి అని.

ఆ మధ్యాహ్నం గోదారి ఎర్రగా, నిలకడగా ఉంది. నాన్నగారు డ్యూటీలో ఉన్నారు. అమ్మ వంటింట్లో, నేను అమ్మ పక్కన. నాయనమ్మ వసారాలో గచ్చుకి కాళ్ళు ఆనించి కునుకుతోంది. ముందు గదిలో కుండ మోగుతోంది. ఆ మోతకి గచ్చు సన్నగా వణకడం నా కాళ్ళకి కూడా తెలిసింది. గిటారు ఒంటరిగా తిరిగింది, ఆగింది, డ్రమ్ములు పడ్డాయి, ఇద్దరూ కేకపెట్టారు. నాయనమ్మ లేచిన తీరు ఇప్పటికీ నా కళ్ళలో ఉంది. చెప్పులు లేవు, ముడి ఊడిపోయింది. పెరటి తలుపు తీసుకుని గట్టెక్కేసింది. ఎత్తేశారంట, పిల్లల్ని తీసుకుని పైకి రండే, ఎత్తేశారంట అని ఆవిడ అరిచిన అరుపుకి పల్లపు వీధి మొత్తం లేచింది. గేజీ మాస్టారి తల్లి చెప్పాక ఇంకెవరైనా ఆగుతారా? మంచాలు, కోళ్ళు, బియ్యం డబ్బాలు, పాలు తాగే పిల్లలు, మంచం మీదున్న ముసలాళ్ళు, అందరూ వర్షంలో గట్టు మీదికొచ్చి పడ్డారు. చిట్టెమ్మ శనక్కాయల గుండిగ నెత్తిన పెట్టుకుని, మేకని చంకలో ఇరికించుకుని వచ్చింది.

నీళ్ళు రాలేదు. చీకటి పడకముందే నాన్నగారు వచ్చారు. జరిగింది తెలిశాక కుండకేసి చూశారు, అన్నయ్యకేసి చూశారు. గొడుగైనా లేకుండా గట్టెక్కి, మా ఇంట్లో పొరపాటు జరిగిందమ్మా, నా మాట మీద దిగండి అని ఒక్కొక్కళ్ళకీ విడివిడిగా చెప్పుకున్నారు. ఎప్పుడూ ఒక మాట మించి అనని మనిషి ఆ సాయంత్రం అన్ని మాటలు ఖర్చుపెట్టుకోవాల్సి వచ్చింది. జనం తిట్టలేదు. తిట్టినా బాగుండేది, నవ్వారు. గోదారమ్మ కాదురా, మాస్టారబ్బాయి పాట అంట అని నవ్వుకుంటూ, తడిసిన మంచాలు మళ్ళీ మోసుకుంటూ దిగిపోయారు.  నాయనమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు.

మర్నాడు పొద్దెక్కాక గోదారి నిజంగానే లేచింది. నాన్నగారికి గేజీ వదిలి వచ్చే వీల్లేదు. మనిషి చేత ఇంటికి కబురు పంపారు, అన్నయ్యని వెంటనే పల్లపు వీధికి వెళ్ళి జనాన్ని లేపమని. అన్నయ్య వెళ్ళాడు. కాసేపటికి ఒక్కొక్కరే, విసుక్కుంటూ, సగం సామానుతో గట్టెక్కారు. చిట్టెమ్మ రాలేదు. నిన్న మోసిన నడుం నొప్పే ఇంకా పోలేదు, పొయ్యి మీద అన్నం ఉంది, వార్చి వస్తానని అందట. ఆ అన్నం వార్చిందో లేదో ఎవరికీ తెలియదు. నీరు ముందు వైపు నుంచి కాకుండా వెనక పల్లంలోంచి తిరిగి వచ్చింది. మధ్యాహ్నానికి తాటాకు కప్పులు మాత్రం కనపడ్డాయి, సాయంత్రానికి అవీ లేవు. గట్టు మీద రత్నం నిలబడి ఉన్నాడు, వాడి పక్కన మేక కూడా ఉంది. ఆవిడ దిగువన లంకలో దొరికింది. రత్నాన్ని వాళ్ళ మేనమామ కోరుకొండ తీసుకుపోయాడు. వాడు వెళ్ళేటప్పుడు అన్నయ్య మా ఇంటి గుమ్మంలోంచి కదల్లేదు. తర్వాత ఒక పూట కుండనీ, స్పీకర్నీ, క్యాసెట్టునీ సంచిలో వేసి అన్నయ్య రేవు వైపు పోయాడు, ఒట్టి చేతులతో తిరిగొచ్చాడు. ఆ తర్వాత మా ఇంట్లో దేవుడి పాట పెట్టాలన్నా భయంగానే ఉండేది. అన్నయ్య ఇంకే విషయమూ గట్టిగా చెప్పలేదు. ఆ పాటే చిట్టెమ్మని చంపిందని మేమందరం అనుకున్నాం, పైకి ఎవరూ అనలేదు.

ఇన్నేళ్ళకి రత్నం వచ్చాడు. జుట్టు తెల్లబడింది, మాటలో మాస్టారి ఠీవి వచ్చింది. ఏదో బళ్ళో చెప్పి రిటైరయ్యాడట, చర్చిలో క్వాయర్ నడుపుతున్నాడట. నన్ను చూసి, బాగున్నావా చెల్లెమ్మా అన్నాడు. గొంతు అదే. వాడి మనవడు గిటారు నేర్చుకుంటున్నాడట. తాత తొడ మీద కొట్టి చూపించిన ఏడు, ఐదు, ఏడు లెక్కని బట్టి, ఆ ఒంటరి గిటారు చోటుని బట్టి ఆ కుర్రాడు నాలుగు రోజులు వెతికి ఆ ఆల్బమ్ పట్టుకున్నాడు. రత్నం ఫోన్ బల్ల మీద పెట్టి, వినాలిరా, నీతో కలిసి ఒక్కసారి వినాలి, దీనికోసమే వచ్చాను అన్నాడు. అన్నయ్య ముఖం పాలిపోయింది. వద్దన్నాడా, అదీ లేదు. నీ ఇష్టం మరి అన్నాడు. వదిన కాఫీలు పెట్టి, ఏమవుతుందో అని వంటింటి గుమ్మంలోనే నిలబడిపోయింది.

పాట మొదలయ్యాక నాకు ముందు కలిగింది భయం కాదు, ఆశ్చర్యం. ఇంత సన్నగా ఉందేంటి ఇది? నా జ్ఞాపకంలో ఇది పెంకులు లేచిపోయే శబ్దం. ఇప్పుడు వింటుంటే ప్రతి దెబ్బా చోటు చూసుకుని పడుతోంది, ప్రతి ఆగుడూ ముందే అనుకుని ఆగుతోంది. ఒక్క తీగ కూడా తొట్రుపడటం లేదు. ఆ వాయించినవాళ్ళు అప్పటికి అన్నయ్య వయసు కుర్రాళ్ళే అయి ఉంటారు. ఎంత సాధన చేశారో పాపం. మా ఇంటిని వణికించిన ఆ అడుగుమోత మాత్రం అందులో ఎంత వెతికినా లేదు. అది కుండది, మా గచ్చుది. ఇన్నేళ్ళూ నేను భయపడిన శబ్దంలో సగం ఆ ఆల్బమ్‌లోనే లేదని తెలిశాక నాకు నవ్వు రాలేదు, ఇంకా దిగులేసింది. ఆ చోటు వచ్చింది. గిటారు ఒంటరిదయింది. అన్నయ్య కుర్చీ చెయ్యి పట్టుకున్నాడు. డ్రమ్ములు పడ్డాయి. ఎవరూ కేకపెట్టలేదు. రత్నం చెయ్యి మాత్రం తొడ మీద ఏడు వేస్తూనే ఉంది.

అయ్యాక అన్నయ్య తల ఎత్తకుండా, ఈ పాట లేకపోతే మీ అమ్మ ఉండేదేమోరా అన్నాడు. రత్నం ఫోన్ తీసి జేబులో పెట్టుకున్నాడు. కోపంగా కూడా లేడు.

"పాట ఏం చేసిందిరా? పాట వల్ల ముందురోజు తడిశాం, అంతే. మర్నాడు నువ్వొచ్చినప్పుడు నేను అమ్మ పక్కనే ఉన్నాను. నువ్వు నేల చూపులు చూస్తా, నీళ్ళొస్తాయంట, లేవమంటున్నారంట అన్నావు. అది విని నేను కూడా తొందర్లేదులే అనుకుని చర్చి బల్లలు ఎత్తడానికి పోయాను."

అన్నయ్య, నాయనమ్మ కూడా అలాగే అంది కదరా అన్నాడు. ఆ గొంతు మాస్టారి గొంతులా లేదు.

"ఆవిడా 'అంట' అనే అంది. కానీ ఆవిడ భయపడి అంది. నువ్వు సిగ్గుపడి అన్నావు. ఇది చెప్పకుండా పోకూడదని వచ్చాను. నీ మీద పగేం లేదురా, ఉంటే రాను."

వదిన ఏడ్చేసింది. నాకు రత్నం మీద కోపమొచ్చింది, మరుక్షణం అన్నయ్య మీద వచ్చింది, ఆ తర్వాత ఎవరి మీదా రాలేదు. అన్నయ్య లేచి చెప్పులేసుకున్నాడు.  నేనూ రత్నమూ ఆయన వెనకే గట్టెక్కాం.

గోదారి ఆ ఒడ్డు కనపడకుండా ఉంది. పొద్దున్నే మైకు ఆటో వచ్చి రెండో ప్రమాద హెచ్చరిక అని చెప్పిపోయిందట, ఫోన్లకి మెసేజ్ కూడా వచ్చింది. అయితే ఏం, ఏటా వస్తుంది. చిట్టెమ్మ పోయిన చోట కొన్నేళ్ళు ఎవరూ ఉండలేదు, తర్వాత కొత్తవాళ్ళు చేరారు. ఇప్పుడక్కడ రేకుల షెడ్లు, డిష్ గొడుగులు, చికెన్ పకోడి బండి, ఇంటింటికీ మోటార్ సైకిల్. అప్పటి జనం నాన్నగారి ఒక్క మాట కోసం చెవులు రిక్కించుకుని బతికేవాళ్ళు. ఇప్పుడు గంటకో కబురు జేబులోకే వస్తోంది, ఎవరూ తల ఎత్తడం లేదు. ఫలానా మనిషి చెప్పాడు అనడానికి అందులో మనిషి లేడు. అన్నయ్య నీళ్ళ అంచుకి దిగి నిలబడ్డాడు. నురుగు, కొబ్బరి మట్టలు, దుంగలు అన్నీ ఒడ్డునే రాసుకుంటూ పోతున్నాయి. చెత్త నడిమధ్యకి చేరితే నీరు లాగుతున్నట్టు, ఒడ్డుకి కొడితే ఎక్కుతున్నట్టు అని నాన్నగారు మాకు చిన్నప్పుడే నేర్పారు. అక్కడ మధ్యలో ఒక్క పుల్ల కూడా లేదు. పాము ఒకటి మా కాళ్ళ ముందు నుంచే గట్టు మీదికి పోయింది.

అన్నయ్య గబగబా షెడ్ల వైపు దిగాడు, వెనకే మేమూ. మొదటి షెడ్డులో చంటిపిల్లని ఎత్తుకుని ఒక అమ్మాయి గ్యాస్ స్టవ్ మీద ఏదో కలుపుతోంది. లేవమని, సామాను కాదు, ముందు పిల్లని తీసుకుని గట్టెక్కమని చెప్పాడు. ఆ అమ్మాయి మర్యాదగానే నవ్వింది. మూడోది ఇంకా రాలేదు కదండీ, అయినా మీకెవరు చెప్పారండి అని అడిగింది. మా అన్నయ్య నోరు తెరిచి ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణంలో ఆయన వెతుక్కుంటున్న మాటేంటో నాకు తెలుసు. 

"ఎవరూ చెప్పలేదమ్మా. నేను చెప్తున్నాను. లే."

ఆ గొంతు వీధి చివరిదాకా వినపడింది. పకోడి బండివాడు ఇటు తిరిగి చూశాడు. ఆ అమ్మాయి ఆయన ముఖంలోకి ఒకసారి చూసి, ఇంకేమీ అడక్కుండా స్టవ్ కట్టేసింది.